పైన తీగ, కింద బెల్టు: కదిలే ఇంట్లో దీపం వెలిగించిన చరిత్ర



జనరల్ ఎస్సేలో ‘మౌలిక వసతులు - సమ్మిళిత వృద్ధి’ లాంటి అంశం వస్తే మనలో చాలామంది ఒకే పద్ధతిలో రాస్తాం. ఇన్ని కిలోమీటర్ల రైలు మార్గం, ఇన్ని మెగావాట్ల విద్యుత్తు, ఇన్ని పథకాలు. నేనూ అలాగే రాసేవాణ్ని. పోయిన వేసవిలో ఒక డ్రైవర్ అన్న అడిగిన చిన్న ప్రశ్నతో ఆ అలవాటు మారింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుంచి పుట్టిందే.

నాన్న నగర్‌నార్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర పనిచేస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లాలో, జగ్దల్‌పూర్‌కు దాదాపు 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు అది. ఎన్‌ఎండీసీ కట్టిన ఉక్కు కర్మాగారం వల్ల ఇప్పుడు ఆ పేరు మన కరెంట్ అఫైర్స్ నోట్సులోకి ఎక్కింది. విజయనగరం నుంచి సాలూరు ఘాట్ ఎక్కి, కోరాపుట్, బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా జగ్దల్‌పూర్ వెళ్లే దారిలోనే ఉంటుంది. చిత్రకోట్ జలపాతం చూడటానికి మన వైపు నుంచి వెళ్లేవాళ్లు చాలామంది ఆ దారినే పోతారు.

అక్కడ ఒక ధాబా దగ్గర విజయవాడ నుంచి వచ్చిన కారవాన్ ఆగింది. లోపల మంచాలు, చిన్న ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, వాటన్నిటికీ ఒక ఇన్వర్టర్. నేను ఈఈఈ చదివానని తెలిసి డ్రైవర్ అన్న అడిగాడు:

“తమ్ముడూ, పొద్దున రెండు గంటలు బండి నడిపాను. ఇంజను తిరిగితే బ్యాటరీ ఎక్కాలి కదా? రాత్రి పదింటికే ఇన్వర్టర్ కూత పెడుతోంది. బ్యాటరీ కొత్తదే. ఎక్కడుంది లోపం?”

“లోపం బ్యాటరీలో లేదన్నా, లెక్కలో ఉంది” అన్నాను. ఆ లెక్క మీరూ వేయండి. తర్వాత చరిత్రలోకి వెళ్దాం.

1. ముందు లెక్క

అతని బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్-అవర్లు. రెండూ గుణిస్తే 1800 వాట్-అవర్లు. అయితే సీసం-యాసిడ్ బ్యాటరీని అడుగంటా వాడకూడదు. సగం దాటి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కాబట్టి చేతికి వచ్చేది సుమారు 900.

ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు కలిపి సగటున 100 వాట్లు అనుకుందాం. ఇన్వర్టర్ తన వాటాగా ఓ 15 శాతం తింటుంది. అప్పుడు బ్యాటరీ నుంచి గంటకు దాదాపు 118 వాట్-అవర్లు పోతాయి. అంటే ఏడున్నర గంటలు. రాత్రి గడవడానికి చాలదు కానీ ఫర్వాలేదు. అదే ఇన్వర్టర్ మీద 1200 వాట్ల ఏసీ వేస్తే నలభై నిమిషాలు కూడా రాదు.

ఇప్పుడు జమ వైపు చూడండి. ఇంజను ఆల్టర్నేటర్ నుంచి వెనక బ్యాటరీకి పొడవాటి సన్నని వైరు వేస్తే దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. ఆ వైరు గుండా 20 ఆంపియర్లు వస్తున్నాయనుకున్నా రెండు గంటలకు 40 ఆంపియర్-అవర్లు. రాత్రి వాడింది 75. చార్జింగ్‌లో పోయే నష్టం కలిపితే తిరిగి నింపాల్సింది 90 దాకా ఉంటుంది. రోజూ 90 ఖర్చు, 40 జమ. మొదటి రోజు తెలియదు, మూడో రోజుకు కూత మొదలవుతుంది.

ఇంకో చిక్కు ఉంది. సగం చార్జితో రోజుల తరబడి ఉంచితే పలకల మీద సీసపు సల్ఫేట్ గట్టిపడుతుంది. దీన్నే సల్ఫేషన్ అంటారు. ఆ తర్వాత ఎంత చార్జి పెట్టినా బ్యాటరీ పూర్తిగా కోలుకోదు. నాకిది పుస్తకంలో కంటే ఇంట్లోనే బాగా అర్థమైంది. ప్రిలిమ్స్ ముందు నాలుగు నెలలు హాస్టల్లో ఉండి, ఊళ్లో గదికి తాళం వేసేటప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీని సగం చార్జితో వదిలేశాను. డిస్టిల్డ్ వాటర్ చూడమని ఎవరికీ చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి అది పది నిమిషాలు కూడా నిలవలేదు. తప్పు పూర్తిగా నాదే.

మరి కదిలే ఇంట్లో బ్యాటరీని నిండుగా ఉంచడం ఎలా? ఈ ప్రశ్న కారవాన్లతో పుట్టలేదు. దీనికి నూట నలభై ఏళ్ల వయసుంది. దీన్ని మొదట ఎదుర్కొన్నవి రైలు బోగీలు.

2. రైలు బోగీలో దీపం

ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో సీసం-యాసిడ్ బ్యాటరీని తయారుచేశాడు. మళ్లీ మళ్లీ చార్జి చేసుకోగల మొదటి బ్యాటరీ అది. 1881లో కమిల్ ఫోర్ పలకలకు సీసపు ఆక్సైడ్ ముద్ద పూసే పద్ధతి తెచ్చాడు. దాంతో బ్యాటరీలను పెద్ద ఎత్తున తయారుచేయడం వీలైంది. అదే ఏడాది అక్టోబరులో లండన్-బ్రైటన్ మార్గంలో ఒక పుల్‌మన్ బోగీలో ఈ బ్యాటరీలతో విద్యుద్దీపాలు వెలిగించారు.

అంతకుముందు బోగీల్లో నూనె దీపాలు, తర్వాత గ్యాసు దీపాలు ఉండేవి. గ్యాసు వెలుతురు బాగానే ఉండేది. ప్రమాదం జరిగితే మాత్రం అదే నిప్పు. 1915 మే 22న స్కాట్లాండ్‌లోని క్వింటిన్స్‌హిల్ దగ్గర రైళ్లు ఢీకొన్నప్పుడు గ్యాసు దీపాలున్న చెక్క బోగీలు అంటుకున్నాయి. 200 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది సైనికులు. బోగీకి బ్యాటరీ అవసరమా అన్న ప్రశ్న వెనక ప్రాణాల లెక్క కూడా ఉంది.

అయితే 1881 నాటి ఏర్పాటులో డ్రైవర్ అన్న సమస్యే ఉంది. బ్యాటరీలను నేల మీద చార్జి చేసి బోగీలో పెట్టాలి. అయిపోతే మళ్లీ దించాలి. ఒక బోగీకి సరే, వందల బోగీలకు ఎలా?

1890లలో లండన్‌లోని జె. స్టోన్ కంపెనీ దీనికి దారి చూపింది. బోగీ ఇరుసుకు బెల్టు వేసి, ఆ బెల్టుతో కింద వేలాడే డైనమోను తిప్పారు. రైలు కదిలితే చార్జి, ఆగితే బ్యాటరీ. వినడానికి తేలిక. ఇంజనీరింగ్‌గా మూడు చిక్కులున్నాయి.

మొదటిది, రైలు నెమ్మదిస్తే డైనమో వోల్టేజీ బ్యాటరీ కంటే తగ్గిపోతుంది. అప్పుడు కరెంటు వెనక్కి పారి బ్యాటరీయే డైనమోను తిప్పడం మొదలుపెడుతుంది. అందుకే ఒక వేగం దాటాకే కలిసే ఆటోమేటిక్ స్విచ్ పెట్టారు.

రెండోది, రైలు మరీ వేగంగా వెళ్తే వోల్టేజీ పెరిగి బ్యాటరీ పాడవుతుంది. డైనమోను ఊగేలా వేలాడదీసి, హద్దు దాటగానే బెల్టు జారిపోయేలా చేశారు. మనం లోపం అనుకునే బెల్టు జారడాన్నే వాళ్లు నియంత్రణగా వాడుకున్నారు.

మూడోది, తిరుగు ప్రయాణంలో చక్రం అటు తిరుగుతుంది కాబట్టి ధన, రుణ ధ్రువాలు తారుమారవుతాయి. వాటిని దిశను బట్టి మార్చే అమరిక కావాలి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇమాన్యుయెల్ రోజెన్‌బర్గ్ ఏ దిశలో తిరిగినా ధ్రువాలు మారని డైనమోను రూపొందించాడు. తర్వాత కాలంలో ఆల్టర్నేటర్, డయోడ్ రెక్టిఫైయర్ వచ్చి ఈ గొడవను పూర్తిగా తీర్చేశాయి.

మన దేశంలో విద్యుద్దీపాలను బోగీల్లో ప్రామాణిక అమరికగా మొదట తెచ్చింది జోధ్‌పూర్ రైల్వే, 1902లో. ఇక్కడొక తేదీ పక్కన పెట్టి చూడండి. మన దేశంలో మొదటి ఎలక్ట్రిక్ రైలు నడిచింది 1925 ఫిబ్రవరి 3న, బొంబాయి వీటీ నుంచి కుర్లా వరకు. అంటే రైలును కరెంటు లాగడానికి ఇరవై ఏళ్లకు పైగా ముందే రైలు తన కరెంటు తాను చేసుకుంది. ప్రిలిమ్స్‌లో ఈ రెండింటినీ కలిపి తికమక పెట్టే ప్రశ్న వేయవచ్చు, గుర్తుంచుకోండి.

స్వాతంత్ర్యం తర్వాత 1955లో పెరంబూర్‌లో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ మొదలైంది. ఆ డిజైన్ బోగీల్లో స్థిరపడిన ఏర్పాటు ఇది: ఏసీ లేని బోగీకి ఇరుసు బెల్టుతో తిరిగే 4.5 కిలోవాట్ల ఆల్టర్నేటర్, కింద పెట్టెలో 110 వోల్టుల, 120 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. అంటే దాదాపు 13 కిలోవాట్-అవర్లు. డ్రైవర్ అన్న బ్యాటరీకి ఏడు రెట్లు. ఆ పాత డిజైన్ స్లీపర్ బోగీల్లో మీరు చూసిన ఫ్యాన్లు చాలావరకు ఈ పద్ధతిలో తిరిగినవే.

3. కేకే లైన్: ఖనిజం దారి

ఇప్పుడు మళ్లీ బస్తర్‌కు వద్దాం. ఎందుకంటే ఈ కథకు అసలు అర్థం అక్కడి రైలు మార్గంలోనే ఉంది.

1960లో భారత్, జపాన్ మధ్య ఇనుప ఖనిజం ఒప్పందం కుదిరింది. బైలాడిలా కొండల ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి కొత్తవలస-కిరండూల్ మార్గం వేశారు. దండకారణ్య-బోలంగీర్-కిరిబురు ప్రాజెక్టులో భాగమది. తూర్పు కనుమలను తొలిచి 58 సొరంగాలతో దాదాపు 445 కిలోమీటర్ల మార్గాన్ని 1960లలోనే పూర్తిచేశారు. 1968లో బైలాడిలాలో ఎన్‌ఎండీసీ గని ఉత్పత్తి మొదలైంది. 1976లో పెద్ద ఓడల కోసం విశాఖ ఔటర్ హార్బర్ వచ్చింది. 1980ల తొలి ఏళ్లలో ఈ మార్గాన్ని విద్యుదీకరించారు. అప్పటికి దేశంలో ఎన్నో ప్రధాన మార్గాలకు ఆ వసతి లేదు.

విశాఖ-కిరండూల్ పాసింజర్‌లో మీరు అరకు వరకైనా వెళ్లే ఉంటారు. సొరంగంలోకి వెళ్లగానే పిల్లలు కేకలు పెడతారు. పట్టపగలు కూడా లైటు కావాల్సిన మార్గం అది. ఇప్పుడొక విషయం గమనించండి. రైలు పైన 25,000 వోల్టుల తీగ ఉంది. ఇంజను దాన్నుంచే కరెంటు తీసుకుంటుంది. కానీ పాత డిజైన్ బోగీలోని బల్బుకు ఆ తీగతో సంబంధం లేదు. అది కింద ఇరుసుకు కట్టిన బెల్టు మీద బతుకుతుంది.

ఘాట్‌లో రైలు నెమ్మదిగా ఎక్కుతుంది. వేగం తగ్గితే ఆల్టర్నేటర్ పూర్తి శక్తి ఇవ్వదు. ఒంటి లైను ఉన్న చోట ఎదురుగా ఖనిజం గూడ్సు వస్తుంటే పాసింజర్ లూప్ లైనులో ఆగుతుంది. ఆగితే చక్రం తిరగదు, చార్జి ఉండదు, ఫ్యాన్లూ లైట్లూ మాత్రం బ్యాటరీని వాడుకుంటూనే ఉంటాయి. బోగీ వాడకం 2 కిలోవాట్లు అనుకుంటే గంటన్నర ఆగినందుకు 3 కిలోవాట్-అవర్లు పోతాయి. ఆ నిల్వలో దాదాపు నాలుగో వంతు. దాన్ని తర్వాత చదునైన చోట పరుగెత్తి సంపాదించుకోవాలి, లేదా చివరి స్టేషన్ డిపోలో చార్జర్‌కు కట్టి నింపాలి.

పక్క పట్టాల మీద అదే తీగ కింద ఖనిజం పోతుంటుంది, ఇక్కడ బోగీలో బ్యాటరీ దిగుతుంటుంది. ఇది ఎవరో కావాలని చేసింది కాదు, డిజైన్ అలా ఉంది అంతే. ఎవరి కోసం ఆ తీగ వేశారో వారికి అది అందింది. మిగతావారికి అందాలంటే మధ్యలో ఇంకో ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటు చివరికి వచ్చింది. హెడ్ ఆన్ జనరేషన్ అంటారు. ఇంజను పాంటోగ్రాఫ్‌తో తీసుకున్న కరెంటులో కొంత భాగాన్ని 750 వోల్టులకు మార్చి బోగీలన్నిటికీ పంపుతుంది. 2018లో పాత ఐసీఎఫ్ డిజైన్ బోగీల తయారీ ఆగిపోయి ఎల్‌హెచ్‌బీ బోగీలే ప్రామాణికం అయ్యాక ఇది వేగంగా విస్తరించింది. జనరేటర్ బోగీల డీజిల్ ఖర్చు, పొగ, మోత తగ్గాయి. పైన తీగకూ లోపల బల్బుకూ మధ్య దూరం కొద్ది మీటర్లే. బొంబాయి-కుర్లా రైలు నుంచి లెక్కపెడితే ఆ దూరం దాటడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది.

4. ఊళ్లో దీపం

ఈ బోగీ కథను ఊరికి వర్తింపజేసి చూడండి.

బైలాడిలా ఖనిజం 1960ల నుంచి బయటికి వెళ్తూనే ఉంది. ఆ ఖనిజంతో బస్తర్‌లోనే ఉక్కు చేసే నగర్‌నార్ కర్మాగారంలో తొలి ద్రవ ఇనుము వచ్చింది 2023 ఆగస్టులో. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యమున్న ఈ ప్లాంటును ప్రధానమంత్రి 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు. గని నుంచి ప్లాంటుకు అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

విద్యుత్తు సంగతీ ఇలాంటిదే. మనందరికీ తెలిసిన నిర్వచనం ఉంది: 2004 నుంచి ఒక ఊళ్లో బడి, పంచాయతీ కార్యాలయం వంటి చోట్లతో పాటు కనీసం 10 శాతం ఇళ్లకు కరెంటు ఉంటే అది విద్యుదీకరించిన గ్రామం. ఆ నిర్వచనం ప్రకారం 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్‌తో దేశంలోని గ్రామాలన్నీ పూర్తయ్యాయి. ఊరికి తీగ రావడం, ఇంటికి దీపం రావడం వేర్వేరు కాబట్టే 2017 సెప్టెంబరు 25న ఇళ్ల కోసం విడిగా సౌభాగ్య పథకం తెచ్చారు.

ఆ పథకంలో చాలామంది నోట్సులో రాసుకోని ఒక భాగం ఉండేది. తీగ వెళ్లలేని మారుమూల ఇళ్లకు 200 నుంచి 300 వాట్ల సోలార్ పలక, బ్యాటరీ, ఐదు ఎల్‌ఈడీ దీపాలు, ఒక డీసీ ఫ్యాను, ఒక డీసీ ప్లగ్గు ఇవ్వాల్సి ఉండేది. దానితో పాటు ఐదేళ్ల మరమ్మతు, నిర్వహణ. బస్తర్ లాంటి అడవి ప్రాంతాల కోసం ఆలోచించిన ఏర్పాటు ఇదే. ఛత్తీస్‌గఢ్‌లో క్రెడా అనే రాష్ట్ర సంస్థ ఇలాంటి సౌర విద్యుత్తు పనులు చూస్తుంది.

ఇప్పుడు మీరు ఆ ఊరి బాధ్యత ఉన్న అధికారి అనుకోండి. మీ రిపోర్టులో ‘అమర్చిన యూనిట్ల సంఖ్య’ అనే గడి ఉంటుంది. బ్యాటరీ ఇంజనీరు అడిగే గడులు వేరు: వానాకాలంలో వారం రోజులు ఎండ లేకపోతే బ్యాటరీ ఎంత కిందికి దిగుతుంది? దిగినదాన్ని మళ్లీ నిండుగా నింపే మార్గముందా? పలక మీద దుమ్ము ఎవరు తుడుస్తారు? నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ ఎక్కడ దొరుకుతుంది? పలక ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తుంది, సీసం-యాసిడ్ బ్యాటరీ దానిలో చిన్న భాగం కాలమే నిలుస్తుంది. ఆరో ఏడు కొత్తది కొనే డబ్బు ఎవరి బడ్జెట్లో ఉంది?

దీపం వెలిగిన రోజు ఫొటో ఉంటుంది. బ్యాటరీ చచ్చిన రోజు ఫొటో ఉండదు. ఆ ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల మాత్రం ఆ రోజు తేదీ చెప్పగలదు.

ఇదే నేను చెప్పదలచుకున్న మాట. కరెంటు రావడం ఒక ఘటన, నిలవడం ఒక దినచర్య. మన వ్యాసాలు ఘటనలతో నిండిపోతున్నాయి. దినచర్య గురించి రాసేవాళ్లు తక్కువ.

5. డ్రైవర్ అన్నకు చెప్పినది

అతనికి నేను నాలుగు మాటలు చెప్పాను. వాటిలో కొన్ని రైలు బోగీ చరిత్రలో ఉన్నవే.

- ఇంజను నుంచి వెనక బ్యాటరీకి మందమైన కేబులు, దానికి డీసీ-డీసీ చార్జర్ పెట్టించు. ఇంజను ఆగినప్పుడు కరెంటు వెనక్కి పారదు, నడిచినప్పుడు సరైన వోల్టేజీ అందుతుంది. స్టోన్ కంపెనీ స్విచ్ చేసిన పని ఇదే.
- పైకప్పు మీద 330 వాట్ల సోలార్ పలక వేయించు. మంచి ఎండ రోజున నష్టాలు పోను 1000 వాట్-అవర్ల దాకా వస్తాయి. ప్లగ్గు లేని చోట ఆగి ఉన్నప్పుడు కూడా జమ పడే దారి అది.
- రాత్రి ఆగిన చోట ప్లగ్గు దొరికితే తప్పకుండా పెట్టు. చివరి ఇరవై శాతం నిండటానికే ఎక్కువ సమయం పడుతుంది, దానికి తీరికైన చార్జి కావాలి. డిపోలో బోగీకి చేసేది అదే.
- ఏసీని ఇన్వర్టర్ మీద వేయకు. బండి వారాల తరబడి ఊరికే ఉంటే నిండుగా చార్జి చేసి, కనెక్షన్ తీసి, నెలకోసారి మళ్లీ నింపు.

“ఇంతేనా తమ్ముడూ, నేను కొత్త బ్యాటరీ కొందామనుకున్నా” అన్నాడు. “కొన్నా మూడో రోజుకు మళ్లీ కూతే అన్నా” అన్నాను. నవ్వి, టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

సమాధాన రచనకు

ఈ మూడు ప్రశ్నల్లో ఒకటి ఎంచుకుని ఇవాళే రాయండి.

1. వనరులు దొరికే ప్రాంతానికే వాటి ఫలితం ఆలస్యంగా అందడానికి కారణాలేమిటి? కేకే రైలు మార్గం, నగర్‌నార్ ఉక్కు కర్మాగారం ఆధారంగా చర్చించండి. (250 పదాలు)
2. గ్రామీణ విద్యుదీకరణలో ‘అందుబాటు’, ‘నిలకడ’ అనే రెండు భావనల మధ్య తేడాను వివరించండి. (150 పదాలు)
3. “నిర్మాణం కంటే నిర్వహణ కష్టం.” భారత రైల్వేల బోగీ విద్యుత్ వ్యవస్థ పరిణామం నేపథ్యంలో పరిశీలించండి. (250 పదాలు)

రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. ఏ పథకం పేరు రాసినా దాని పక్కన ఒక వాక్యం అదనంగా రాయండి: ఆరో ఏడాది దీన్ని ఎవరు చూస్తారు? ఆ వాక్యం రాయలేకపోతే ఆ పథకం గురించి మనం ఇంకా చదవాల్సింది ఉందని అర్థం. నా పాత వ్యాసాలు తీసి ఇలాగే దిద్దుకుంటున్నాను. పన్నెండు దిద్దాను. తొమ్మిదింటిలో ఆ వాక్యం లేదు.